రెక్కలు నేను పీకలేదు

మొన్న మా చిన్నాన్న మనవరాలు, పార్వతి కూతురు సౌజన్య విజయనగరంలో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకముందే ఫోను నా కళ్ళ ముందు పెట్టి, "పెద్దమ్మా, చిన్నప్పుడు నువ్వు పట్టుకున్న పురుగు ఇదేనా?" అంది. నాకు కళ్ళజోడు కూడా అక్కర్లేకపోయింది. గోధుమరంగు ఒళ్ళు, బొద్దుగా ఉన్న పొట్ట, ఒంటికంటే పొడుగు మీసాలు, వీపు మీద రెక్కలుండాల్సిన చోట రెండు చిన్న పొలుసులు. ఈ పురుగు వల్ల నేను పడ్డ మాటలు ఏ మనిషి వల్లా పడలేదు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

"ఇదే" అన్నాను.

"వీటికసలు రెక్కలుండవు పెద్దమ్మా. ఎగరడం చాతకాదు. ఈ ఒక్కదానికే కాదు. దీనికి దగ్గర చుట్టాలైన జాతులన్నిటినీ కలిపి ఒక ప్రజాతి అంటాం, ఆ ప్రజాతి మొత్తం అంతే. పిల్లప్పుడూ ఉండవు, పెద్దయ్యాకా రావు. ఆ పొలుసులు రెండూ ఒకదానికొకటి రాసి పాడతాయి, అంతవరకే." విశాఖలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది ఆ పిల్ల. బొబ్బిలి అవతల కొండ వాలులో ఈ పురుగు కనిపించిందట. ముఖం వెలిగిపోతోంది. "అంటే నువ్వు పీకలేదన్నమాట!"

"పీకలేదని నేను అప్పుడే చెప్పాను."

"అది కాదు పెద్దమ్మా, ఇప్పుడు రుజువైంది."

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. దానికేం తెలుసు, పుట్టని నాటి సంగతి. నా మాట నిజమని తేలడానికి ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్ల పుట్టి, పెరిగి, యూనివర్సిటీకి వెళ్ళి చదువుకుని రావాల్సి వచ్చింది. ఆ రోజు ఒక్క మనిషి లేచి మా దొడ్డి వెనక కంచెదాకా నడిచి ఉంటే సరిపోయేది. దొడ్డి గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే నీడ పడేంత దగ్గర ఆ కంచె. అంత దూరం నడవలేకపోయారు మా వాళ్ళు.

మా ఊరు బొబ్బిలికి పడమర, ఎర్ర నేల. పల్లంలో వరి, మెట్ట మీద గోగు. గోగునార తీసే రోజుల్లో ఊరికి ఊరే కుళ్ళు వాసన వేసేది. కట్టలు కట్టి గెడ్డలో నానేసిన గోగు కర్రలు మెత్తబడి, పారే నీళ్ళు కూడా నల్లబడి, ఆ కంపు బట్టలకీ తలవెంట్రుకలకీ చివరికి మేం తాగే చోడి అంబలికీ పట్టేది. కొత్త కోడళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేవారు. మాకు మాత్రం అది ఇంటి వాసన. పొద్దున్న లేస్తే ముందు వినిపించేది మా మామ్మ దగ్గు. మామ్మంటే నాన్న తల్లి. చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. నిప్పు నోట్లో ఉన్నా మాట ఆగేది కాదు. పెదాలు కదిలీ కదలకుండా పాలేరును తిట్టేది, కోడళ్ళకు పనులు పురమాయించేది, నా తల దువ్వి జుట్టు ఊడొచ్చేంత బిగువుగా జడ వేసేది. ఆమె నోట్లోంచి చుట్ట తీసి మాట్లాడిందంటే మాత్రం ఇంట్లో ఎవరికో మూడిందని అర్థం.

ఆ ఏడు చిన్నమ్మ కడుపుతో ఉంది. చిన్నమ్మ మా చిన్నాన్న భార్య. విజయనగరం టౌనులో పెరిగిన మనిషి, సన్నగా, భయం భయంగా ఉండేది. అంతకు ముందు వచ్చిన కడుపు నిలవలేదు. అందుకని ఇంట్లో మామ్మ కట్టుబాట్లు ఇంకా బిగిశాయి. కడుపుతో ఉన్న మనిషి ఉన్నంతకాలం మా ఇంట్లో కోడిని కొయ్యరు, గుమ్మడికాయ పగలగొట్టరు, పాక చూరులో పిచ్చుకగూడు కదపరు. చీమలబారు కనిపిస్తే పక్కనుంచి నడవాలి. బయట ప్రాణికి ఏ అవయవం పోతే లోపల బిడ్డకి ఆ అవయవం పోతుందని మామ్మ నమ్మకం. మామ్మ నమ్మితే ఇంటిల్లిపాదీ నమ్మినట్టే.

ఒక పొద్దుటిపూట పశువుల పాకలో పాలు తీస్తుంటే నేను దూడ మెడ పట్టుకుని నిలబడ్డాను. మామ్మ మా నాన్నతో అంది. "ఈ మారు గాని తేడా వస్తే దాన్ని ఇజీనగరం తోలీండి. ఆడికి ఇంకో పిల్లని సూత్తాను." నాన్న పాలు తీస్తూనే ఉన్నాడు. కుడితి కుండ దగ్గర అంట్లు తోముతున్న చిన్నమ్మ దగ్గరికి పరిగెత్తి, విన్నది విన్నట్టు చెప్పేశాను. చిన్నమ్మ చేతిలోని బూడిద అలాగే ఉండిపోయింది. "ఎవులితోనూ అనకే" అంది. అనలేదు. అప్పుడు ఆ ఇంట్లో ఆమె పక్షాన ఉన్నది నేనొక్కదాన్నే. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఆమె నాకు చేసింది ఎంత పెద్దదో తెలియడానికి.

సాయంత్రాలు చిన్నమ్మ వెనక వసారాలో చాప వేసుకుని నడుం వాల్చేది. పొద్దు వాలుతుంటే వావిలి కంచెలోంచి, ఆ వెనక గోగు చేలోంచి సన్నగా రంపం కోసినట్టు జిర్రుమని చప్పుడు వచ్చేది.

"ఒలే రవణా, అలా జిర్రుమంతన్నాది ఏటే?"

"గోగు మిడత సిన్నమ్మా."

"మిడత పాడతాదేటే! మా టౌన్లో మిడత ఎగురుతాది, అంతే."

"ఇది ఎగరదు. పాడతాది. దీనికి రెక్కలే నేవు."

"నీ కోతలు మీ తాతకి సెప్పు." నవ్వింది. నవ్వడం ఆ ఇంట్లో ఆమెకు అరుదు. "నిజంగానేటే? అయితే ఓ మారు పట్టుకొచ్చి సూపించు. మీ మామ్మకి కనపడకేం."

మర్నాడు సాయంత్రం కంచెలో చెయ్యి పెట్టి పట్టుకున్నాను. వేలు కొరికింది. అయినా వదల్లేదు. తాటాకు బుట్టలో గోగాకు వేసి, దాన్ని పెట్టి, పైన గుడ్డ కప్పి పట్టుకొచ్చాను. చిన్నమ్మ గుడ్డ ఎత్తి చూసింది. "ఒలమ్మ, ఎంత బాగున్నాదే" అంది. అప్పుడే మామ్మ వచ్చింది.

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏటే అది?"

"మిడత మామ్మా."

"రెక్కలేవీ?"

"దీనికుండవు."

"రెక్కల్లేని మిడతేటే గుంటా? పీకీసినావు గదే! కడుపుతో ఉన్న మనిసి ముందర కూకోని ప్రాణి రెక్కలు పీకీసినావు!"

ఆ కేకకి ఇంట్లోవాళ్ళంతా వసారాలోకి వచ్చారు. మామ్మ తమ్ముడు, ఊరి బళ్ళో మాస్టారు, ఆ సమయానికి మా ఇంట్లోనే ఉన్నాడు. చదువుకున్న మనిషి గనక తీర్పు ఆయన చేతిలో పెట్టారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పెన్ను మూతతో నా మిడతను అటూ ఇటూ తిప్పాడు. "మొదళ్ళున్నాయప్పా. అంటే పైవి ఊడబీకీసినట్టే" అన్నాడు తన అక్కతో.

"కాదు తాతా, అయ్యి అంతే ఉంటాయి. వాటితోనే పాడతాది."

"పాడించు మరి, ఇందాం."

అరచేతిలో పెట్టుకుని చూపించాను. అంతమంది ముఖాలు మీదికి వంగితే అది పాడుతుందా? మీసాలు వెనక్కి వాల్చుకుని బిగుసుకుపోయింది.

"ఏదే నీ పాట? గొంతుక్కూడా పీకీసినావేటి?" అన్నాడు తాత. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పాలేరు కూడా నవ్వాడు.

"కంచె దగ్గిరికి రా తాతా, ఇంకోటి సూపిస్తాను. ఇక్కడికే. రా."

"నీ యెనకాల పురుగులకి తిరగడమేనేటే నా పని?"

అమ్మని పిలిచాను. అమ్మ తల వంచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవ్వరూ కదల్లేదు. చివరికి నాకు ఒక్కటే దారి కనిపించింది. "సిన్నమ్మే తెమ్మంది" అన్నాను.

మామ్మ చిన్నమ్మ వైపు తిరిగింది. చిన్నమ్మ పమిట ముందుకు లాక్కుని, నా ముఖంలోకి చూడకుండా, "నానెందుకు తెమ్మంతానత్తా?" అంది.

నా వీపు మీద పడ్డ దెబ్బలు నాకు గుర్తులేవు. ఆ మాట గుర్తుంది.

గోగు కోతలు అయ్యాక చిన్నమ్మకి పార్వతి పుట్టింది. ఎడం చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. మంత్రసాని గుడ్డ విప్పి చూపించగానే మామ్మ బిడ్డ ముఖం చూడలేదు, తల్లి ముఖం చూడలేదు. తిన్నగా వీధి అరుగు మీదికి వచ్చి నా జడ పట్టుకుంది. ఆ రోజునుంచి ఊళ్ళో నా పేరు పోయింది. రెక్కలు పీకిన గుంట అయ్యాను. నూతి దగ్గర ఆడవాళ్ళు పిల్లల్ని నా నుంచి పక్కకి లాక్కునేవారు. బళ్ళో ఎవరి పెన్సిలు ముక్కు విరిగినా నా వైపే చూసేవారు.

మామ్మ నన్ను శ్రీకూర్మం తీసుకెళ్ళింది. అక్కడ స్వామి ఎదుట నిలబడి, తప్పు చేశానని నోటితో అంటే పాపం పోతుందని ఆమె పట్టు. గుళ్ళో తాబేళ్ళకి ఆకులు పెట్టించింది. పెట్టాను. అవి మెడ చాపి తింటుంటే నాకు ఎంతో ముద్దొచ్చాయి కూడా. "ఇప్పుడు అను" అంది.

"ఏటనాలి?"

"పీకినాను సామీ, తప్పయిపోనాది అను."

"నాను పీకలేదు సామీ" అన్నాను, గుడంతా వినబడేలా. చెంప పగిలింది. మావాళ్ళంతా వరసగా కూర్చుని ప్రసాదం తింటుంటే నన్ను స్తంభం దగ్గర నిలబెట్టారు. ఒక్కరైనా ఇంత పులిహోర తెచ్చి పెట్టలేదు. ఆ తర్వాత నేను శ్రీకూర్మం వెళ్ళలేదు. స్వామి మీద కోపం లేదు. ఆ స్తంభం మీద ఉంది.

వీటన్నిటికంటే నన్ను కోసింది పార్వతి. నాకు సొంత చెల్లెళ్ళు లేరు. పాకే వయసులో ఆ పిల్ల ఉన్న ఒక్క చేత్తో నేలని తోసుకుంటూ, అందర్నీ వదిలేసి నా దగ్గరికే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ చిన్నమ్మ పరిగెత్తుకొచ్చి లాక్కుపోయేది. కాస్త పెద్దయ్యాక జడ వేస్తానని పిలిస్తే పిల్లని లోపలికి తోసి తలుపు వేసింది. జ్వరమొచ్చిందని నేను దాచుకున్న పావలాతో బత్తాయిలు కొని తెస్తే గేదె కుడితిలో వేసింది. చివరికి నన్ను మా అమ్మమ్మ వాళ్ళింటికి పంపేశారు. మిగతా చదువంతా అక్కడే అయింది. మాస్టారు తాత రిటైరయినప్పుడు ఊరంతా కలిసి దండలు వేసి, విద్యాదాత అని పొగిడారట. నాకూ కబురొచ్చింది. వెళ్ళలేదు. కంచెదాకా నడవని మనిషికి దండెందుకు?

సౌజన్య ఆ ఫొటోని, తను చెప్పిన సంగతిని మా చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టింది. ఆ రోజు వసారాలో నవ్వినవాళ్ళ పిల్లలు, మనవలు అందరూ అందులోనే ఉన్నారు. బొటనవేళ్ళు వచ్చాయి, దండాలు వచ్చాయి, "సూపర్ అమ్మా" అని ఒకాయన. రవణకి అన్యాయం జరిగిందే అని ఒక్కరు రాయలేదు. అప్పుడు కాళ్ళు కదిపి చూడడానికి బద్ధకం. ఇప్పుడు అరచేతిలోకి తెచ్చి చూపిస్తే బొటనవేలు కదిపి ఊరుకుంటారు. కాలం మారిందని అందరూ అంటారు గానీ, మా వాళ్ళలో ఏం మారిందో నాకు కనిపించదు.

మర్నాడు బస్సెక్కి ఊరెళ్ళాను. మెట్ట మీద గోగు లేదు, అంతా నీలగిరి. గోనె సంచులు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోగునార ఎవరికి కావాలి? గెడ్డ ఇప్పుడు కంపు కొట్టదు, నీళ్ళే లేవు. పాత ఇల్లు పడగొట్టి పార్వతి శ్లాబు వేసింది. దొడ్డి వెనక కంచె పోయి ప్రహరీ వచ్చింది. పార్వతి అంగన్వాడీలో పనిచేస్తుంది. నేను వెళ్ళేసరికి ఇంకా రాలేదు. చిన్నమ్మ ఒక్కతే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏటే రవణా, కబురు లేకుండా వచ్చినావు?"

"సౌజన్య సూపించిందా నీకు?"

"సూపించింది."

"మరి?"

"మరేటి? నాకు ఆయేలే తెలుసు." గింజ తీసి పళ్ళెంలో వేసింది.

"ఏటి తెలుసు?"

"దానికి రెక్కలుండవని. నిన్ను కొట్టిన మర్నాడు పొద్దుగూకే యేల సెంబట్టుకుని దొడ్డెనక్కి ఎల్లినాను. కంచె మీద ఒకటి పాడతన్నాది. నువ్వు సెప్పినట్టే, ఈపు మీద రెండు సిన్న ముక్కలు ఆడిస్తన్నాది."

"సూసి?"

"సూసి వచ్చీసినాను."

ఎవరూ వెళ్ళలేదని ఇన్నేళ్ళూ ఉడికిపోయాను. ఒక మనిషి వెళ్ళింది. కళ్ళారా చూసింది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకుంది. శ్రీకూర్మంలో స్తంభం పక్కన నేను నిలబడితే, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుని ప్రసాదం తింది. చూడని వాళ్ళు మూర్ఖులు. చూసి ఊరుకున్న దాన్ని ఏమనాలో నాకు ఈ రోజుకీ తెలియలేదు.

"ఎందుకు సెప్పలేదు?" అన్నాను.

"సెప్తే? మిడత పుట్టుకే అంతంటే, మరి నా పిల్లకి సెయ్యెందుకు పోనాదని అడగరా? నీ మీద నుంచి తీస్తే అది నా మీదకే వస్తాది. నువ్వు ఆళ్ళింటి పిల్లవి. తిడతారు, కొడతారు, మళ్ళీ అన్నం పెడతారు. నన్నయితే తోలీసును మీ మామ్మ. ఆ మాట నువ్వే గదే వచ్చి నాకు సెప్పినావు."

అది నిజమే. నిజమైనంత మాత్రాన నా కోపం తగ్గాలా? నేను మోసుకొచ్చిన ఆ మాటే ఆమెకు నన్ను వదిలేయడానికి పనికొచ్చింది.

"మామ్మ పోయినాకైనా సెప్పొచ్చు గదా? పార్వతికైనా?"

చిన్నమ్మ గింజల వైపే చూస్తూ ఇంకోటి తీసింది. "అప్పటికి అలవాటైపోనాది" అంది.

"ఏటి అలవాటైపోనాది?"

అడిగింది పార్వతి, గుమ్మంలో నిలబడి ఉంది. భుజాన సంచి ఇంకా దించలేదు. "మీ అమ్మనే అడుగు" అన్నాను. ఎన్ని ప్రశ్నలు వేసినా నేను నోరు విప్పలేదు. ఆ కంచె సంగతి చిన్నమ్మ నోటితోనే రావాలి. వచ్చింది, ముక్కలు ముక్కలుగా. పార్వతి నిలబడే విన్నది.

"సూసినావా?" అంది. "నాను పుట్టకముందే సూసినావా?"

"సూసినాను."

"తెలిసుండీ అక్క జడ ఏస్తానంటే నన్ను లోపలికి తోసినావా? ఒంటిసేత్తో జడేసుకోడం రాక, బళ్ళో అందరూ నవ్వుతుంటే జుట్టు కత్తిరించీమని ఏడిసినాను గదమ్మా. కత్తిరించినావు గానీ అక్కని పిలవలేదు. నాను పెద్దయ్యేదాకా అక్కని సూత్తే బయం. నా సెయ్యి అక్కే పట్టుకుపోనాదని కలలొచ్చేవి. ఒక్క మాట సెప్పుంటే నాకు అక్క ఉండును."

పార్వతి ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు. ఉన్న ఒక్క చేత్తో సంచి దించి, తల్లి ఒళ్ళోని పళ్ళెం తీసి అవతల పెట్టింది, ఆమె ఇంక ఆ గింజల వైపు చూడ్డానికి వీల్లేకుండా.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. పక్కన కూర్చున్న నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఒలే రవణా, నువ్వు సెప్పవే దీనికి. మీ మామ్మ అన్న మాట నువ్వు ఇన్నావు గదే. నన్ను నిజంగా తోలీసుండును గదే. నానేటి సేద్దును? సెప్పవే."

విన్నాను. ప్రతి మాటా విన్నాను. మామ్మ లేదు, నాన్న లేడు. పాకలో ఆ పొద్దున ఆ మాట విన్నవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే. చిన్నమ్మ చెప్పేది నిజమని పార్వతికి చెప్పగలిగిన మనిషి ఇంకెవరూ లేరు. పార్వతి నా ముఖంలోకి చూసింది. నేనేమంటానా అని.

నేను చిన్నమ్మ చెయ్యి మోకాలి మీద నుంచి తీసి, నా సంచి పట్టుకుని లేచాను.

"బొబ్బిలి బస్సు ఎల్లిపోతాది" అన్నాను.